నూట నాలుగు తాళంచెవి

(ప్రజాగృహ విస్తరణ సంస్థ ఎస్టేట్ సూపరింటెండెంట్ రామచంద్రం, దిల్‌సుఖ్‌నగర్ కార్యాలయంలో జరిగిన తన పదవీ విరమణ సభలో మాట్లాడినది)

ఈ సభకు అధ్యక్షులుగా ఉన్న మా మేనేజింగ్ డైరెక్టర్ చక్రపాణి గారికి, నా గురించి నాకే తెల్వని గొప్ప సంగతులు పావుగంట సేపు చెప్పిన ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ వెంకటేశ్వరరావు గారికి, యూనియన్ పెద్దలకు, వెనక తలుపు దాకా కూసున్న తోటి ఉద్యోగులకు, ముప్ఫై రెండేండ్లుగా ‘ఇయ్యాల గూడ లేటేనా’ అని ఫోన్ చేసి, ఇయ్యాల మాత్రం నాకంటె ముందే వచ్చి మొదటి వరుసల కూసున్న నా భార్య అరుణకు, అందరికి పేరుపేరునా నమస్కారాలు. సభకు ముందు పరమాన్నం పంచిన్రు, అందరికి అందిందనుకుంటున్న. ఎండీ గారు రెండోసారి గూడ అడిగి వేయించుకున్నరు. షుగర్ ఉన్న మనిషి అట్ల అడిగి తిన్నరంటె నాకు చానా సంతోషమైంది. (నవ్వులు)

శాలువా కప్పిన్రు, దండేసిన్రు, గీ మెమెంటో ఇచ్చిన్రు. అద్దాల పెట్టెల చిన్న ఇల్లు. తలుపులున్నయి, కిటికీలున్నయి, ముంగట తులసికోట గూడ ఉన్నది. మన సంస్థ చెప్పిన తారీకు నాడు, చెప్పినట్టే ఒక మనిషి చేతిల పెట్టిన మొదటి ఇల్లు ఇదే కావచ్చు. (నవ్వులు) దీన్ని కట్టింది మన ఇంజినీరింగ్ సెక్షన్ కాదని చూడంగనే తెలుస్తున్నది.

కొత్తగ చేరినోళ్లున్నరు కాబట్టి మొదటి నుంచి చెప్త. పన్నెండేండ్ల కింద, ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ పోయే దారిల మన సౌభాగ్య టవర్స్ పూర్తయ్యేటప్పటికి పట్నంల ఇల్లు కొనెటోడు లేడు. బిల్డర్లు పరేషాన్, బ్యాంకులు పరేషాన్, మన ఆరు బ్లాకులల్ల కాపురముండేటియి పావురాలు మాత్రమే. అప్పుడు సర్కారు, మార్కెట్‌ను మనమే లేపి నిలబెట్టాలె అని నిశ్చయించుకున్నది. ధర తగ్గించిన్రు, ఇంకా తగ్గుతదేమోనని జనం ఆగిన్రు. ధర పెంచిన్రు, జనం మొత్తానికే రావుడు బంద్ చేసిన్రు. లాటరీ పెట్టిన్రు. దరఖాస్తుల కంటె ఫ్లాట్లు ఎక్కువుండె కాబట్టి అందరికి తగిలింది, తగిలినోళ్లల్ల సగం మంది మాకొద్దని ఉత్తరాలు రాసిన్రు. ఆ ఉత్తరాలకు జవాబులు రాసుడు నా పని.

ఆ తర్వాత వేలం. బాలాపూర్ లడ్డు వేలానికి జనం ఎట్ల ఎగబడ్తరో అప్పటి డైరెక్టర్ గారు టీవీల చూసిన్రు. తెల్లారి షామియానా వేసినం, మైకు పెట్టినం, మూడుసార్లు పాట పాడించినం, ఒక్కడు చెయ్యి ఎత్తలే. ‘లడ్డుకు వచ్చే జనం ఫ్లాటుకు ఎందుకు వస్తలేరయ్యా’ అని డైరెక్టర్ గారు బాధపడుతుంటె, మన అటెండర్ లింగస్వామి మంచినీళ్ల గ్లాసు అందించుకుంటనే అన్నడు, ‘లడ్డు అదే రోజు చేతిల పెడ్తరు గద సార్’ అని. (నవ్వులు) లింగస్వామిని ఆ వారమే వేరే సెక్షన్‌కు మార్చిన్రు. అగో, అక్కడ నిలబడి ఇప్పుడు గూడ నవ్వుతున్నడు.

అన్నిటికంటె పెద్ద ఆర్డరు దాని వెనకాల వచ్చింది. ‘ఖాళీ గృహసముదాయములందు నివాసయోగ్య వాతావరణము కల్పించవలెను.’ అంటె ఏందంటె, రోజూ సాయంత్రం ఆరింటికి ఖాళీ ఫ్లాట్లల్ల లైట్లు వెయ్యాలె, బాల్కనీలల్ల బట్టలు ఆరెయ్యాలె, రోడ్డు మీద పోయేటోళ్లు ‘అబ్బో, ఇక్కడ అందరు చేరిపోయిన్రు’ అనుకొని పరుగెత్తుకొచ్చి కొనాలె. వెంకటేశ్వరరావు గారు ఆర్డరు రెండుసార్లు చదివి నన్ను అడిగిన్రు, ‘ఏవండీ రామచంద్రం గారూ, లైట్లంటే మా సెక్షన్ అనుకుందాం, మరి బట్టలు ఆరెయ్యడం ఎవరి సెక్షన్ అండీ’ అని. ఎస్టేట్ సెక్షనే అని తేలింది. ఉద్యోగులందరం ఇంటి నుంచి బట్టలు తెచ్చినం. అరుణ ఆకుపచ్చ చీర నెల రోజులు సీ బ్లాకు ఏడో అంతస్తుల ఎండి ఎండి బూడిద రంగుకు తిరిగింది. ఆ చీర గురించి మా ఇంట్ల ఇప్పటికీ మాట్లాడుకుంటరు, అంటె ఒకరు మాట్లాడ్తరు, ఒకరు వింటరు. (నవ్వులు) ఒక ఆదివారం వనస్థలిపురం నుంచి భార్యాభర్తలు ఫ్లాటు చూడవచ్చిన్రు, అంతా నచ్చింది, బయానా ఇస్తమన్నరు. పొయ్యేటప్పుడు ఆమె పైకి చూసి, ‘ఆ ఏడో అంతస్తు ఆమె వాన పడుతున్నా బట్టలు తీయదేంది, ఇసొంటోళ్ల నడుమ మనం ఉంటమా’ అన్నది. మళ్ల రాలే.

ఇక్కడిదాకా నవ్వుకునే ముచ్చట. ఇక మీద చెప్పేటిది నా ముచ్చట, జర ఓపిక పట్టుండ్రి.

అదే ఏడు ఇంకో ఆర్డరు వచ్చింది. బ్లాకుకు ఒక ఫ్లాటు, ఆ కట్టడం దగ్గర పనిచేసిన పేదలకు ఉచితంగ ఇయ్యాలె, మార్చి ముప్ఫై ఒకటి లోపల తాళం చేతికిచ్చినట్టు నివేదిక పంపాలె, లేకపోతె సంస్థకు ఇంక ఏ సాయం ఉండదు. ఆర్డరు మన చేతికి ముప్ఫయ్యో తారీకు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి నా ముంగట కాయితం ఉన్నది, పేర్లు లేవు. మా గదిల నేల తుడుస్తున్నది చంద్రమ్మ. కొత్తోళ్లకు తెల్వదేమో, చంద్రమ్మ అంటె సౌభాగ్య టవర్స్‌ల పునాది తవ్విన నాటి నుంచి తట్ట మోసి, తర్వాత మన దగ్గర ఊడ్చే పనిల కుదిరిన మనిషి. మొగడు లేడు, కర్మన్‌ఘాట్ల ఒక్క అర్ర ఇంట్ల కిరాయికుంటది. ‘చంద్రమ్మా, ఐడీ కార్డు చేయిస్త, నీ ఆధార్ ఇయ్యి, ఇక్కడ ఒక సంతకం పెట్టు’ అన్న. సంతకం పెట్టుడు అప్పుడప్పుడే నేర్చుకున్నది, చెయ్యి కడుక్కొని, తుడుచుకొని, నాలిక బయటపెట్టి మెల్లగ పెట్టింది. ఏ బ్లాకు, నూట నాలుగు, లబ్ధిదారు చంద్రమ్మ, తాళంచెవి అందినది. రాసింది నేను, మిగతా అయిదు బ్లాకులకు పేర్లు నింపింది గూడ నేనే. కింద మొదటి సంతకం నాది. రెండో సంతకం ఎవరిదో నేను చెప్ప, అప్పట్ల వారు డిప్యూటీ డైరెక్టర్‌గ ఉండె. ఎండీ గారు, నీళ్లు తాగుండ్రి.

తాళంచెవి మాత్రం నా సొరుగులనే ఉన్నది. ఎందుకంటె నూట నాలుగును మోడల్ ఫ్లాటు చేసినం. సోఫా వేసినం, పరదాలు కట్టినం, టేబుల్ మీద గడ్డిఅన్నారం మార్కెట్ల కొన్న పండ్లు పెట్టినం, మార్కెట్ దూరం పోయినంక ప్లాస్టిక్ పండ్లు పెట్టినం. వచ్చేటోళ్లు, పోయేటోళ్లు, మినిస్టర్ల మనుషులు, మనం, అందరం చెప్పులతోని బూట్లతోని తిరిగినం. మన వెనకాల ఆ నేల తుడిచింది చంద్రమ్మ. కాయితం మీద తన ఇంటిని తానే తుడుస్తున్నదని ఆమెకు తెల్వదు, నాకు తెలుసు. నివేదిక బాగున్నదని మనకు పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది, అగో, నా వెనక గోడకు ఉన్నది.

రెండేండ్ల కింద చంద్రమ్మ, సర్కారు పేదలకిచ్చే డబుల్ బెడ్‌రూం ఇంటికి దరఖాస్తు పెట్టుకున్నది. కొట్టేసిన్రు. ఆ చిట్టి పట్టుకొని నా దగ్గరికొచ్చి అన్నది: ‘సార్, నాకు ఇల్లున్నదంట. కంప్యూటర్ల ఉన్నదంట. యాడున్నదో జర చెప్తరా, పోయి ఆడ పండుకుంట.’ ఎగతాళి గాదు, నిజంగనే అడిగింది. నేనేమన్ననో తెలుసా? కంప్యూటర్ తప్పు అన్న. ‘గట్లనా సార్’ అని చీపురు తీసుకొని నూట నాలుగు ఊడ్వ పోయింది. ఆ పొద్దు నుంచి నేను మంచిగ నిద్రపోలే. ఇది సన్మానాల చెప్పే మాట గాదు, కాని మళ్ల మీరు నాకు మైకు ఇయ్యరు.

మన మాన్యువల్ ప్రకారం లబ్ధిదారుకు తాళంచెవి ఇచ్చే అధికారం ఎస్టేట్ సూపరింటెండెంట్‌ది. ఇయ్యాల అయిదింటి దాకా ఆ సూపరింటెండెంట్‌ను నేనే. సోఫా, ప్లాస్టిక్ పండ్లు నిన్ననే స్టోర్‌కు పంపిన. పొద్దున ఆరింటికి చంద్రమ్మ చేతికి తాళంచెవి, ఆమె పేరు మీదున్న కాయితాల నకళ్లు ఇచ్చి, జరిగిందంత చెప్పిన. నన్ను మాఫ్ చేసినట్టు చెప్పలే. తలుపు తీసింది, కుడికాలు పెట్టి లోపలికి పోయింది. వెనక నేను అలవాటుగ పోబోతుంటె తిరిగి చూసి, ‘సార్, చెప్పులు బయట విడువుండ్రి’ అన్నది. విడిచిన.

ఎండీ గారు, ఈ కేటాయింపు రద్దు చెయ్యాలనుకుంటె చెయ్యొచ్చు. ఒక్కటే షరతు, పన్నెండేండ్ల కింద పంపిన నివేదిక అబద్ధమని మీరు మీ చేత్తోని రాయాలె, మిగతా అయిదు బ్లాకుల పేర్ల గురించి గూడ రాయాలె, రెండో సంతకం గురించి గూడ. రాయకుంటె, ఆ నివేదిక ఇన్నేండ్లకు ఒక ఇంటి మటుకు నిజమైతది. నా శిక్ష సంగతి మీరు చూసుకోండ్రి, తప్పు నాది, పడ్త. అరుణా, ఈ సంగతి నీకు గూడ చెప్పలే. పింఛను జర ఆగొచ్చు. ఆకుపచ్చ చీరకు తిట్టినట్టే తిట్టు.

చంద్రమ్మ సభకు రాలే. ఇన్నేండ్లల్ల మనం పిలిచినప్పుడు రాకపోవుడు ఇదే మొదటిసారి, ఇల్లు సర్దుకునే పని ఉన్నదంట. నా చేతికి మాత్రం ఒక పెద్ద గిన్నె ఇచ్చి, ఆఫీసుల అందరికి పెట్టుమన్నది. పొద్దున నూట నాలుగుల పొంగిచ్చిన పాలతోని వండిన పరమాన్నం అది. మనందరం తిన్నం. ఎండీ సారు రెండుసార్లు తిన్నరు.

మీ అందరి అభిమానానికి కృతజ్ఞుణ్ణి. గోడ గడియారంల అయిదైంది, గిన్నె కడిగి ఆమె ఇంటికి ఇచ్చి రావాలె. సెలవు.