గోడ కింద పేరు

ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. జమ్మలమడుగులో ఆమె తన మొగుని సంచిలో బ్రష్షులు, రంగు డబ్బాలు సర్దుతోంది. ఆయన గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"రెండు పార్టీల రంగులూ ఒకే సంచిలోనా? దావలో కొట్లాడుకోవా?"

"నా సంచిలో బాగానే ఉంటాయి. నేను పోయే పల్లెలోనే పడదు వాటికి."

"ముందు ఎవురికి రాస్తావు?"

"పొద్దున తూర్పు వీధిలో వాళ్లకి, మధ్యాన్నం పడమటి వీధిలో వీళ్లకి. సంగటి రెండుచోట్లా తింటా."

"పొద్దున సంగటి పెట్టినోళ్లు మధ్యాన్నం అవతలోళ్ల గోడ కింద నీ పేరు చూస్తే ఊరుకుంటారా? పేరు రాయొద్దు."

"రాయకపోతే బొమ్మ నాదని ఎట్ల తెలుస్తాది?"

"ఫారిన్‌లో గోడల మీద బొమ్మలేసేటోళ్లు శానామంది పేరే చెప్పరంట. పేపర్లో చదివినా."

"వాళ్లకోసం పోలీసులొస్తారు. నాకోసం పార్టీ జీపొస్తాంది."

"పోయిన క్రిస్మస్‌కు చర్చి గోడ మీద దేవుని పేరు కన్నా నీ పేరే పెద్దగా రాసినావు."

"దేవుడు అందరికీ తెలుసు. నేను తెలియొద్దా?"

ఆమెకు నవ్వొచ్చింది. అయినా సంచి వదల్లేదు.

"రాయనని ఒట్టేయి."

"ఒట్టు పెట్టుకోవద్దని బైబిల్లో ఉంది. చదివి చెప్పింది నువ్వే."

"అవునంటే అవును, కాదంటే కాదని చెప్పమని కూడా ఉంది ఆడనే. చెప్పు."

"చీమంత రాస్తాలే."

"అది అవునా, కాదా?"

బయట జీపు హారను మోగింది. ఆయన నవ్వుతూ సంచి అందుకున్నాడు.

ఆ సాయంత్రం రెండో గోడ కింద పేరు చదివినవాళ్లు ఆయన్ను పల్లె దాటనివ్వలేదు. పెయింటరు ఆనందయ్య 1989 నవంబరు 11, శనివారం ఇంటి నుంచి వెళ్లాడు. మళ్లీ రాలేదు.