అమ్మాజీ గారి తెల్ల ఫియట్

ఏంటమ్మా హరిణీ, మెకానిక్ ఇంకా రాలేదా? పాత కారు స్టీరింగ్ ఊడదీయాలంటే వాళ్ళకీ బద్ధకమే. కూర్చో, వస్తాడులే. నీకు అమ్మాజీ గారి సంగతి చెప్పానా ఎప్పుడైనా? చెప్పలేదూ? డబ్బింగ్ ఆర్టిస్టమ్మా, కాకినాడ మనిషి. తెలుగు ముక్క రాని హీరోయిన్లకి ఆవిడే గొంతు. పోయి చాలా ఏళ్ళయిందిలే. నేనప్పుడు ప్రొడక్షన్ మేనేజర్ని కదా, ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది.

ఆవిడకో తెల్ల ఫియట్ ఉండేది. వాళ్ళాయన రఘునందన్ గారు ముచ్చటపడి కొన్నారు. నడపడం నేర్పారు, చిన్నాచితకా రిపేర్లూ నేర్పారు. ఆయన పోయాక ఆవిడే నడుపుకుంటూ స్టూడియోకి వచ్చేది. ఆ రోజుల్లో ఆడమనిషి కారు నడిపితే ఫిల్మ్ నగర్ అంతా తిరిగి చూసేవాళ్ళు. అదిగో, ఆ అపార్టుమెంట్లున్న చోట అన్నీ బండలే అప్పుడు. ఒకరోజు డైరెక్టరు త్రినాథరావు వచ్చి, హీరోయిన్ కారు దిగే షాట్ ఉంది, ఒక్క పూట బండి ఇవ్వండమ్మా అన్నాడు. ఇచ్చింది పాపం.

సాయంత్రం బండి తీసుకెళ్దామని షూటింగ్ జరిగే ఆ బండల దగ్గరికి ఆటోలో వచ్చింది. వచ్చేసరికి ఏముంది, క్లైమాక్సులో హీరోయిన్ చచ్చిపోవాలి, అందుకని ఆ కారునే కొండ మీంచి లోయలోకి తోసేయాలని ఏర్పాట్లు. పొద్దుట్నించీ అన్ని షాట్లూ దాంతోనే తీశారాయె, వేరే బండి పెట్టడానికి లేదు. కొత్తది కొనిపెడతాం లెండి అన్నాడాయన, తేలిగ్గా.

ఆవిడ బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకింది, హారన్ మోగకుండా. డిక్కీలోంచి స్పానర్ తెచ్చుకుని సీట్లో కూర్చుంది. హారన్ బటన్ ఊడదీసి, కాటుక పెన్సిల్‌తో చక్రానికీ దాని కడ్డీకీ గుర్తుగా గీతలు పెట్టుకుని, నట్టు వదులు చేసింది. పూర్తిగా తీయలేదు, తీస్తే లాగినప్పుడు చక్రం వచ్చి మూతికి తగులుతుందట. తుప్పు పట్టి ఎంతకీ రాదే! అటూ ఇటూ ఊపి ఊపి లాగింది. చివరికి టక్కున కదిలింది. అప్పుడు నట్టు తీసేసి, స్టీరింగ్ చంకలో పెట్టుకుని కిందికి దిగింది. కొండ మీదికి మెలికల మట్టిదారి, స్టీరింగ్ లేకుండా ఎక్కించేదెవడు?

"లైట్ పోతోందండీ, ఇటివ్వండి," అన్నాడు త్రినాథరావు.

"దిగే షాట్‌కి ఇచ్చానండీ. చచ్చే షాట్‌కి ఇవ్వలేదు."

హీరోయిన్ల తియ్యటి గొంతు కాదమ్మా అది. ఆవిడ సొంత గొంతు. అంతవరకు మేమెవ్వరం వినలేదు. లైట్‌బాయ్‌లు కూడా కదల్లేదు. త్రినాథరావు సిగరెట్టు కాల్చి, కాసేపు బండల మీద అటూ ఇటూ తిరిగొచ్చి, సరే, కారు అంచున ఆగిపోతుంది, హీరోయిన్ బతుకుతుంది అన్నాడు. మరి నడిపేదెవరు? ఆ పిల్లకి డ్రైవింగ్ రాదు. "నేనున్నాగా," అంది అమ్మాజీ గారు.

కాటుక గీతలు కలిపి స్టీరింగ్ బిగించి, బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించింది. హీరోయిన్ గాజులు తొడుక్కుని బండి ఎక్కించింది. సరిగ్గా అంచున ఆపిందమ్మా, ముందు టైరు కింద నుంచి రాళ్ళు లోయలోకి జారాయి. యూనిట్ మొత్తం ఈలలే ఈలలు. త్రినాథరావే వచ్చి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. సినిమాలో ఆ గాజుల చేతులు ఆవిడవే. హాల్లో ఆ సీనుకి జనం లేచి చప్పట్లు కొడుతుంటే నా పక్కనే కూర్చుని తన చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయింది. మర్నాడు అదే కారులో, హారన్ కొట్టుకుంటూ స్టూడియో గేట్లోకి వచ్చిందా... అబ్బ, ఆ హారన్...

ఆ కిటికీ వెయ్యమ్మా, వాన జల్లు లోపలికి కొట్టి నా కళ్ళల్లో పడుతోంది.