బూదవ్వ 'నేను' మేసిన మేత

బూదవ్వ పాట ఎత్తకపోతే వరినారు మట్టిలో దిగదా? మీరే చెప్పుండ్రి, నోర్లున్నయి గదా అందరికీ. దిగుతది. ఎవరు పాడినా దిగుతది, ఎవరూ పాడకున్నా దిగుతది. మరి ఆ మాట బూదవ్వ మొఖం మీద చెప్పేటోళ్ళు ఎవరు? ఊరు మొత్తంలో అంత గుండె ఉన్నోళ్ళు ఒక్కరూ లేరంట. ఎందుకంటే నాటుకు పోయే ఆడోళ్ళ గుంపుకు ఆమెనే పెద్ద. మడిలో దిగినంక ఒకామె పాట ఎత్తాలె, మిగిలినోళ్ళు అందుకోవాలె, ఆ పాట నడకకే చేతులు నడుస్తయి, నడుము నొప్పి యాదికి రాదు, అది అక్కడి పద్ధతి. నాటంటే వెనక్కి వెనక్కి నడిచే పని గదా, పెద్ద లేదు చిన్న లేదు, అందరూ వెనక్కే. కానీ బూదవ్వ మాత్రం వెనక్కి నడుస్తూ కూడా అందరికంటే ముందున్నట్టే ఉండేదంట. అదెట్లనో నన్నడగకండి, అట్లాంటోళ్ళను మీరూ చూసే ఉంటరు.

ఇగ ఆమెకు తోడికోడలు సత్తెవ్వ. ఇద్దరిదీ ఒకే వాకిలి, ఒకామె కూర వండితే గిన్నె ఇంకొకామె ఇంట్లోకి పోయేది. మడిలో అందుకునే గొంతు సత్తెవ్వది. బూదవ్వ ఎత్తితే పిడుగు పడ్డట్టుండేది, సత్తెవ్వ అందుకుంటే ఆ ఎనక వాన వచ్చినట్టుండేది అనుకో. అట్లాంటి జంటకు ఏమైందంటే, ఒకనాడు గట్టు మీద పోతున్న ముసలాయన ఎవరో ఆగి విన్నడంట. విని ఊకోక, "అందుకునే పిల్ల గొంతులో తేనుందే" అని తన దారిన తాను పోయిండు. పోయినోడు పోయిండు, బూదవ్వ మనసులో ముల్లు దింపి పోయిండు. మరుసటి పాదం ఇంత ఎత్తుకు లేపింది. ఆ ఎనకది ఇంకా ఎత్తుకు. సత్తెవ్వ అందుకుంది, అందుకుంది, ఆఖరికి గొంతు పగిలి దగ్గు పట్టుకున్నది. గుంపులో ఎవరో కిసుక్కున నవ్విన్రు. సత్తెవ్వ చేతిలో నారుకట్ట గట్టు మీద పెట్టి, కాలువలో చేతులు కడుక్కొని, "ఈ జన్మల నీ పాట కింద నా గొంతు పెట్టనక్కా" అని ఒక్క మాట అని, పక్క గుంపులో చేరిపోయింది.

అప్పటినుంచి వాకిట్లో కూర గిన్నె తిరగలేదు. ఒకామె ఊడుస్తుంటే ఇంకొకామె బయటికి రాదు. మడిలో బూదవ్వ పాట ఎత్తితే అందుకునేటోళ్ళు ఉన్నరు, లేక కాదు, కానీ భయానికి అందుకునే గొంతులెట్లుంటయో తెలుసు గదా, నానిన డప్పు మీద కొట్టినట్టు. పాట పోతది, తిరిగి రాదు. బూదవ్వకు బువ్వ సయించలేదంట. నాకేం తక్కువ అంటది, ఇంటిచూరు కింద కూసోని సత్తెవ్వ ఇంటి తలుపు దిక్కే చూస్తది. ఊళ్ళో వాళ్ళు చాటుకు అనేదంతా ఆమె చెవిలో పడ్డది. దానికి 'నేను' ఎక్కువ, అహంకారం, అందుకే తోడికోడలు పోయింది అని. సరే, అదే రోగమైతే మందు తిందాం అనుకొని, మాణిక్యవ్వ దగ్గరికి పోయింది.

మాణిక్యవ్వ అంటే తత్వం చెప్పే ముసలామె. మఠం లేదు, కాషాయం లేదు, పాతచీరలతో బొంతలు కుట్టుకుంట బతుకుతది. అడిగినోళ్ళకు సూది ఆపకుండనే చెప్తది. బూదవ్వ పోయి కూసోని, అవ్వా నాకు అహంకారం అంటున్నరు, దాన్ని కోసి పారెయ్యి, నా చెల్లె నా గుంపులోకి తిరిగి రావాలె, నాకింకేం వద్దు అన్నదంట. అవ్వ దారం పంటితో తెంపి, "కోద్దాం బిడ్డా. ముందు అది ఎట్లుంటదో, ఏం తింటదో చూసి రా" అన్నది. చూసుడేందవ్వా అంటే, జొన్నచేన్ల మంచె మీద కూసోని పిట్టలను చూస్తవు గదా, అట్ల చూడు, కాకుంటే వడిసెల రాయి మాత్రం విసరకు, ఉసిగొల్పకు, పిలవకు, ఊకె చూడు, అది ఏం మేసిందో నాకొచ్చి చెప్పు అన్నది. బూదవ్వకు ఇది పెద్ద పనిగా అనిపించలేదు. గుంపునంతా కనిపెట్టుకునే మనిషికి లోపల ఒక్కదాన్ని కనిపెట్టుడు ఎంత పని అనుకుంది. అనుకుందో లేదో, ఆ అనుకున్న మాటనే లోపలి 'నేను' గబుక్కున మింగుతుంటే కనబడ్డదంట.

ఇగ చూడండి తమాషా. ఎవరో, నీ పాట లేకుంటే మడి మడి లెక్కనే లేదు బూదవ్వా అన్నరు, మేసింది. ఇంకెవరో చూసి కూడా పలకరించకుండ పోయిన్రు, అయ్యో దీనికి ఆకలైతదేమో అనుకుంటే, అది ఇంకా ఎక్కువ మేసింది. నన్నెవరని అనుకుంటున్నరు వీళ్ళు, అనుకుంట నములుతనే ఉన్నది. పొగడ్త తియ్యగ, అవమానం కారంగ, రెండూ దానికి నచ్చినయి. అంతెందుకు, ఊళ్ళో ఒక పెద్దమనిషి కాలం చేసిండు. శోకం పెట్టి ఏడ్చుట్లో బూదవ్వకు పేరు. పోయింది, పీనుగ కాడ కూసున్నది, రాగం తీసి ఏడుస్తున్నది. మధ్యలో ఏమైందంటే, కండ్ల నిండ నీళ్ళున్నా కంటికొస మాత్రం పక్కకు పోయి, ఎవరెవరు వింటున్నరా అని చూస్తున్నదంట. అది కనబడ్డది ఆమెకు. కనబడేసరికి నవ్వొచ్చింది. పీనుగ కాడ నవ్వితే ఊరుకుంటరా? కొంగు నోట్లో కుక్కుకున్నది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నయి. పక్కనున్నోళ్ళు పట్టుకొని, అయ్యో ఎంత దుఃఖమో చూడు, పాపం దీని గుండె చాలా మెత్తన అన్నరు. ఇగ ఆ మాట కూడా మేసింది అది, మూతి తుడుచుకుంట.

ఇదంతా పోయి చెప్తే మాణిక్యవ్వ సూది పక్కన పెట్టి నవ్విందంట. అవ్వ నవ్వుడు చూసి బూదవ్వ ఏమనుకున్నదంటే, ఓహో, ఇది తిండిపోతు, దీన్ని పస్తులుంచితే చస్తది. అవ్వ చెప్పలేదు ఆ మాట, సొంత తెలివి. తెల్లారి మడిలో పాట ఎత్తలేదు. ఎత్తండమ్మా మీరే అన్నది. ముందుండేటామె పోయి అందరికంటే చివర నిలబడ్డది. నీళ్ళ బిందె వస్తే అందరూ తాగినంక తాగుతది. ఎవరన్నా మాట జారినా చేతులు జోడించి నవ్వుతది. ఊరు ఊరంతా ముక్కు మీద వేలేసుకున్నది. బూదవ్వ మారింది, బూదవ్వ యోగి అయ్యింది. ఆమె నడకలో కూడా ఒక మెత్తదనం వచ్చిందంట, ఎవరన్నా చూస్తున్నప్పుడు మరీను.

అట్లుండంగ పటేలు పొలంలో నాటు పడ్డది. పక్క మడిలోనే సత్తెవ్వ ఉండే గుంపు, మధ్యల ఒక గట్టు. పొద్దు నడినెత్తికొచ్చింది, సద్దిగిన్నెలు చెట్టు కింద ఉన్నయి. పటేలు వచ్చి, బోరు కరెంటు పొద్దుగూకక ముందే పోతది, ఈ మడి అయినంకనే బువ్వ అన్నడు. పాత బూదవ్వయితే ఆ మాట ఆయన నోటి నుంచి పూర్తిగ బయటికి రానిచ్చేదా? గుంపంతా ఆమె దిక్కే చూసింది. ఆమె చేతులు జోడించి, అట్లనే పటేలా అన్నది. ఆకలితో ఉన్న ఆడోళ్ళు మళ్ళ నడుము వంచిన్రు. ఒకామెకు కండ్లు తిరిగి బురదలో కూలబడ్డది. గట్టు అవతల నుంచి సత్తెవ్వ ఇదంతా చూసింది. ఇన్నాళ్ళు పలకని మనిషి, నిలబడి, "ఏమైందక్కా నీ గొంతుకు? నా మీద లేసిన గొంతు పటేలు మీద లేవదా?" అన్నది.

ఆ మాట తగిలినప్పుడు బూదవ్వ లోపలికి చూసిందంట. చూస్తే ఏముంది. పస్తులున్నదనుకున్నది పెద్ద పీట వేసుకొని కూసున్నది. ఇంత బలిసింది, మెడ కనబడుతలేదు. దాని ముందర విస్తరి నిండా ఏమున్నది? నేనెంత ఓపికదాన్ని. నేనెంత చిన్నగైన. తిడితే నవ్విన, పక్కనోళ్ళు పడిపోయినా నా శాంతి చెదరలేదు, చూసిన్రా. జోడించిన చేతులే గంటె చేసుకొని తింటున్నది. బూదవ్వకు మొదలు సిగ్గయింది, ఆ సిగ్గును కూడా అది వాసన చూస్తుంటే ఇగ ఆగలేకపోయింది. నవ్వు. కడుపు పట్టుకొని నవ్వు. కాలు జారి బురదలో కూసున్నది, చేతిలో నారుతోటి, కూసోని మళ్ళ నవ్వింది. పిచ్చి లేసిందేమో అని అందరూ దగ్గరికొచ్చిన్రు.

లేచింది. బురద చేతులతోనే పడిపోయినామెను లేపి గట్టు మీద కూసోబెట్టింది. గొంతు పెంచలేదంట, చేతులు మాత్రం జోడించలేదు. "పటేలా, ముందు బువ్వ. ఆ తర్వాత మడి" అన్నది. పటేలుకు కోపమొచ్చింది. మారినవంటిరే, నీ అహంకారం ఎటూ పోలేదు గదా అన్నడు. అప్పుడు బూదవ్వ అన్న మాట వినండి, చెవులు పెట్టి వినండి: "నా అహంకారం ఎట్లుంటదో నాకెరుకే పటేలా, దినాం చూస్తున్న. ఇది అది కాదు. ఇది ఆకలి." పటేలు ఏమంటడు? నాటు మధ్యల ఉన్నది, నారు ఎండుతున్నది. నిలబడ్డడు, గొణుక్కున్నడు, పోయి చెట్టు కింద తానే ముందు కూసున్నడు.

అందరూ తిన్నరు. తిని మళ్ళ మడిలో దిగిన్రు. ఇప్పుడు పాట కావాలె, అందరి కండ్లూ బూదవ్వ మీదనే. ఆమె గట్టు దిక్కు తిరిగి, చెల్లే, నువ్వెత్తు, నీకు ఎంత ఎత్తు నచ్చితే అంత ఎత్తు, నేను అందుకుంట అన్నది. సత్తెవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకొని చూసింది. మంచిగున్నదక్కా, ఇది కూడా నీ నాటకమేనా అన్నది. బూదవ్వ జవాబు చెప్పకముందు ఒక్క క్షణం ఆగిందంట. ఎందుకాగింది? లోపల చూసుకుంటున్నది. చూసుకొని, "సగం నాటకమే చెల్లే. ఆ సగాన్ని నేను కనిపెట్టుకొని ఉంట. మిగిలిన సగం నిజం, అది నువ్వు తీసుకో" అన్నది. సత్తెవ్వకు ఇట్లాంటి మాట ఎన్నడూ వినబడలేదు. ఏడ్వాల్నా నవ్వాల్నా తెలియలేదు. వంగి నారు చేతిలోకి తీసుకొని, మొఖం అటు తిప్పుకొనే ఎత్తింది:

మొగులు దిగి వచ్చినాది ఓ అక్కలాల
మడి నిండ నీడాయె ఓ అక్కలాల

బూదవ్వ అందుకున్నది. తగ్గించి, వంచి, ఆ గొంతు కింద తన గొంతు పరిచి అందుకున్నది. గట్టుకు ఇటు గుంపూ అటు గుంపూ కలిసిపోయినయి, ఎవరు ఎవరి మడిలో నాటుతున్నరో మర్చిపోయిన్రు, వెనక్కి నడుస్తూ నడుస్తూ గట్టు మీద వీపుకు వీపు తగిలి పడి నవ్వుకున్నరు. పటేలు తాళం వేస్తున్నడని కూడా అంటరు, అది నేను నమ్మను.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి మాణిక్యవ్వ దగ్గరికి పోయిన్రు. అవ్వ అడిగింది, ఏం మేసింది ఇయ్యాల అని. బూదవ్వ తలగోక్కొని, పాట పాడినంతసేపు అది ఏడబోయిందో చూడనే లేదవ్వా అన్నది. అవ్వ సూది ఆపి ఆమె మొఖంలోకి చూసింది. ఇంతలనే బూదవ్వ, అదిగో వచ్చిందవ్వా, చూడకుండనే పాడినదాన్ని నేనే గదా అనుకుంట వచ్చి కూసున్నది అన్నది. ముగ్గురూ నవ్విన్రు. సత్తెవ్వయితే, రానీ తియ్యక్కా, కూసోనీ, దానికింత జాగ పెట్టు, గొంతు మాత్రం ఇయ్యకు అన్నదంట. మేలుకునుడంటే ఇంతకంటే ఏముంటదని అవ్వ బొంత మడతబెట్టింది.

ఇదీ ముచ్చట. ఇది విని కొందరు మగోళ్ళు తలూపుతున్నరు, ఆడదానికి అహంకారం పనికిరాదని కథ చెప్పిందని. మీకోసమే ఇంకొకసారి చెప్తున్న: బువ్వ అడిగినప్పుడు బూదవ్వలో అది లేదు, చేతులు జోడించినప్పుడు ఉన్నది. ఆ తేడా తెలియకుండ ఎవరినీ అహంకారి అని తిట్టకండి. ఇగ అందరికీ ఒకటే మాట. మీకూ ఒకరుంటరు, మాటలు బందైన మనిషి, ఒకే వాకిట్లోనో రెండిండ్ల అవతలనో. మీరు ముందు పలకరిస్తే మీలో ఏదో తగ్గిపోతదని ఇన్నాళ్ళు ఆగిన్రు. తగ్గేదెవరో ఒకసారి తేరిపార చూడండి, నవ్వొస్తే నవ్వుకోండి. తర్వాత ఇక్కడి నుంచి లేచి, ఇంటికి పోకముందే, వాళ్ళ తలుపు కొట్టండి.