డాక్టరమ్మ అనని మాట

ఎత్తకక్కా ఆ ఫోను. మోగనీ. పొద్దటిసంది అదే పని దానికి.

లేదు, జ్వరం లేదు. చెయ్యి పెట్టి చూడు కావాలంటె. మందిరం తలుపు తీసే ఉంటె లోపలికొచ్చి కూసున్న, గంతె. నువ్వు ఊడ్సుకో, నేను జరుగుత. పాస్టరు అయ్యగారికి మాత్రం ఇప్పుడే చెప్పకు, నేనీడ ఉన్ననని.

దవాఖానోళ్లక్కా. నాకింకెవరు చేస్తరు. ఆ ఒరిస్సాయన పోయిండు. గగన్‌పహాడ్‌ల రేకుల కంపెనీల పనిజేసే దయానిధి, లివర్ ఖరాబైందని నిన్న అయ్యగారు ప్రార్థన చేసిన్రు సూడు, ఆయననే. తెల్లారంగ పోయిండు.

ఆయన భార్య సుభద్ర డాక్టరమ్మ రూము ముందల నేల మీద కూసున్నది. శవాన్ని తీస్కపోనంటది. "లేస్తడని ఈమెనే చెప్పింది, ఎందుకు లేవలేదో ఈమెనే చెప్పాలె" అంటది. ఒడియాల అంటది. ఆడ ఎవరికి అర్థమైతది? అందుకే నాకు ఫోను.

పోయినక్కా. పోకుంట ఎట్లుంట. పోయి ఇద్దరి నడుమ నిలబడ్డ. సుభద్ర అనేదంత అన్నది. డాక్టరమ్మ నా దిక్కు తిరిగి, "ఏమంటుంది శామ్?" అన్నది. ఫోనొచ్చిందని బయటికొచ్చి, ఆటో ఎక్కి ఈడ సాతంరాయిల దిగిన.

ఎందుకంటె ఏం చెప్పాలె.

నా సంగతి నీకెరుకే కద. షాద్‌నగర్‌ల ఏడో తరగతి ఇడిసిపెట్టి ఈడ మెస్సుల అన్నం వడ్డించనీకొచ్చినోన్ని. ఒరిస్సా పిలగాళ్లకు పప్పు పోసుకుంట పోసుకుంట నేర్సుకున్న భాష. నా మాట నేను మాట్లాడాలంటె, దుకాణంల ఉప్పు అడగనీకి గూడ సిగ్గే. నవ్వకు. వేరేటోళ్ల మాట చెప్పాలంటె మాత్రం యాడికెళ్లొస్తదో గొంతు. అయ్యగారి పక్కన నిలబడి ఆదివారం ఒడియాల చెప్తుంటె నువ్వే అన్నవ్, "ఈ పోరనికి మైకెందుకు" అని.

ఆడ్నుంచే కద అన్నీ మొదలైనయ్. ఒకరు చెప్తె ఒకరు పిలిచిన్రు. ఠాణాకు, కంపెనీలకు, దవాఖానకు. మా మెస్సు రవి కుమార్ అన్న కార్డు గిట కొట్టించిండు, 'శామ్, ఒడియా హిందీ తెలుగు' అని. ఎవని కింద పని కాదు, ఫోనొస్తె పోవుడే. అమ్మకు చూపిస్తె ఆ కార్డు బైబిల్‌ల పెట్టుకున్నది. డాక్టరమ్మ గూడ అన్నది, "ఒరిస్సా పేషెంట్లు ఎవరొచ్చినా ఇగ నిన్నే పిలుస్త" అని. మంచిదక్కా ఆమె. శామ్ గారు అంటది ఒక్కోపారి. నన్ను ఎవరన్నరు గట్ల?

సూడు, మళ్ల మోగుతుంది.

అయ్యగారు వాక్యం చెప్తుంటె మీదికెళ్లి విమానం పోతది కద. అయ్యగారు ఆగరు, ఆ ఊపుల ఉంటరు. నాకేమో వినబడది. జనం నా నోటి దిక్కు చూస్తుంటరు. ఊకె ఎట్ల నిలబడాలె? నేనే ఏదో ఒకటి కలిపేటోన్ని. "భయపడకుండ్రి, దేవుడు లేపుతడు" అని. మస్తు గట్టిగ ఆమెన్ అనేటోళ్లు. ఎవరో చెప్తె అయ్యగారు గూడ నవ్విన్రు, "నేను చెప్పినదానికన్న నీదే బాగున్నట్టుందిరా" అని. ఇగ నోటికి గట్లనే అలవాటైంది.

మొన్న పొద్దుగాల డాక్టరమ్మ సుభద్రను మంచం కాడికి పిలిపించింది. "ఈయన ఇగ కోలుకోడమ్మా. ఇంటోళ్లు చూడాలనుకుంటె ఈ రోజే ఊరికి తీస్కపోండి. ఆక్సిజన్ పెట్టి పంపిస్తం" అన్నది. మెల్లగ, ఒక్కో మాట ఆపి ఆపి చెప్పింది, నాకోసమే.

సుభద్ర నా నోటి దిక్కు చూస్తుంది. మందిరంల చూస్తరు సూడు, అట్లనే.

"భయపడకు, దేవుడు లేపుతడు. జర ఓపిక పట్టు" అన్న.

నా మాటోలె చెప్పలేదక్కా. 'డాక్టర్ గిట్ల అంటుంది' అని ఉండదు మా పనిల. డాక్టరే మాట్లాడినట్టు చెప్పాలె. అయ్యగారు నేర్పిందే అది. ఇగ అది డాక్టరమ్మ మాటనే అయిపోయింది. సుభద్ర రెండు చేతులెత్తి ఆమెకు మొక్కింది. చావు మాట చెప్తె గిట్ల మొక్కుతుందేంది అని డాక్టరమ్మ నన్ను చూసింది. నేను తల దించుకున్న.

ఆ పొద్దు విమానం గూడ లేదక్కా. అంత సాఫ్‌గ వినబడ్డది.

బయటికొచ్చి సుభద్ర అత్తకు ఫోను చేసింది. "నువ్వు రాకు, నేనే పట్టుకొస్త నీ కొడుకును" అని. నా ముందటనే. అప్పుడన్న చెప్పొచ్చు కద అంటవ్. చెప్పొచ్చు.

చీపురు కింద పెట్టి గట్ల చూడకక్కా. తిట్టు. అయ్యగారోలె నవ్వుతలేవ్, గదే చాలు.

ఇంకోటుంది.

నిన్న సాయంత్రం నర్సు నన్ను లోపలికి పిలిచింది. అది ఐసీయూ, డాక్టరమ్మ పిలిస్తె తప్ప భార్యను రానియ్యరు, నన్ను రానిస్తరు, నొప్పి యాడుందో అడిగి చెప్పనీకి. దయానిధి కండ్లు తెరిచి ఉన్నడు. మూతి మీది మాస్కు జర పక్కకు జరిపిన్రు. నేను ఒడియాల అడిగిన. ఆయన తెలుగుల జవాబిచ్చిండు.

మన తెలుగే. గగన్‌పహాడ్ తెలుగు. ఎన్నో ఏండ్లసంది ఈడనే ఉన్నడు కద, ఎందుకు రాదు? వచ్చిన దినంసంది మాస్కు పెట్టి, మందు మత్తుల ఉంటుండె, ఎవరికెరుక ఆయనకు తెలుగొస్తదని. అంటె మంచం కాడ డాక్టరమ్మ అన్నదీ విన్నడు, నేనన్నదీ విన్నడు. మాస్కు కింద ఉండి అన్నీ విన్నడక్కా.

నాతోని ఒక మాట చెప్పిండు. గంతె. ఆయాసమొచ్చింది, గొంతుల పైపేసిన్రు, ఇగ మాట్లాడలే.

బయట సుభద్ర నా చెయ్యి పట్టుకొని, "ఏమన్నడు?" అన్నది. "నొప్పి తక్కువైందన్నడు" అన్న.

నిజం చెప్తె నేను మాట మార్చింది డాక్టరమ్మకు తెలుస్తది. ఇగ నన్ను ఏ దవాఖానోళ్లు పిలుస్తరు? మళ్ల మెస్సుల పప్పు పొయ్యాలె. నాకప్పుడు గదే యాదికొచ్చిందక్కా, ఆ మనిషి యాదికి రాలే. ఇది దేవుని ముందట అంటున్న.

నేనొచ్చేటప్పటికే రేకుల కంపెనీ నుంచి ఒరిస్సా పిలగాళ్లు జమైతున్నరు ఆడ, డాక్టరమ్మ మీదికి. సుభద్ర మాట వాళ్లు నమ్మిన్రు. డాక్టరమ్మ ఏం చెప్పుకుంటది, ఏ భాషల చెప్పుకుంటది?

ఇయ్యి, ఫోనియ్యి. ఎత్తుత.

నువ్వు జర నాతోని రా అక్కా. ఏం మాట్లాడకు, నీకు ఒడియా రాదు గూడ. పక్కన నిలబడు చాలు. ఇన్ని దినాలు నేను ఒకరి పక్కన నిలబడ్డ, నా పక్కన ఎవరు నిలబడలే.

మొదలు నాది చెప్త. లేస్తడని డాక్టరమ్మ అనలే, నేనన్న అని. దాని తర్వాత ఏమైతె అయింది. అప్పుడు ఆయన మాట చెప్పాలె. ఒక్క ముక్క కలపొద్దు దాంట్ల. ముందుగాల నీకు చెప్త, విను. ఆయన అన్నది అన్నట్టే:

"తమ్మీ, నువ్వు మంచోనివే. గని నాకు టైము లేదు. మా అమ్మ కాడికి తీస్కపొమ్మని సుభద్రకు చెప్పు. నీ నోటితోనే చెప్పు, అది నిన్నే నమ్ముతది."