వెనక అట్టకు అంటించిన కవరు

నా వయసు యాభై రెండు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో స్కానింగ్ విభాగం చూస్తాను. పేరు, చిరునామా మీకు విడిగా చెప్పాను, ఈ వాంగ్మూలం కాగితంలో వద్దన్నాను. ఇది ఎవరెవరి చేతుల్లో పడుతుందో అని ఇప్పుడు నాకు భయం.

మా దగ్గరున్న పరిశోధన గ్రంథాలన్నీ ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాలని ఈ ఏడాది నిర్ణయించారు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనం అడక్కుండానే లోకానికంతా పెడుతున్నాం," అని మా లైబ్రేరియన్ గారు సంబరపడ్డారు. నాకూ సంతోషమే. ఇన్నేళ్లూ అవి దుమ్ము కొట్టుకుపోయాయి. అట్ట నుంచి అట్ట దాకా ఒక్క కాగితం కూడా వదలకూడదన్నది మా విభాగం పట్టుదల.

భర్తల దెబ్బలకు ఇల్లు వదిలి, ఎక్కడో తలదాచుకున్న ఆడవాళ్ల మీద రాసిన గ్రంథం ఒకటి నా బల్ల మీదికొచ్చింది. లోపల అందరికీ మారుపేర్లే. వెనక అట్టకు ఒక కవరు అంటించి ఉంది. దాని మీద 'పరీక్షకులకు మాత్రమే' అని ఉంది. పరీక్ష ఎప్పుడో అయిపోయింది కదా అనుకుని విప్పాను. లోపలి కాగితమూ స్కాన్ చేశాను. అందులో ఉన్నవి అసలు పేర్లు, వాళ్లు తలదాచుకున్న ఇళ్ల చిరునామాలు. నేను చదవలేదు. మేం చదవం సార్. పేజీ వంకర లేకుండా వచ్చిందా అనే చూస్తాం.

మొన్న సోమవారం ఉదయం ఒక పాఠకుడి మెయిల్ వచ్చింది. 'చివరి పేజీలో మూడో చిరునామా మసకగా ఉంది. ఇంటి నంబరు కనబడటం లేదు. దయచేసి స్పష్టమైన ప్రతి పంపగలరు.' మర్యాదగా రాశాడు. చాలా మర్యాదగా రాశాడు సార్. చివరి పేజీ దాకా చదివినవాడు ఒకడు దొరికాడని లైబ్రేరియన్ గారికి కూడా చూపించాను. "భోజనానికి వెళ్లేలోపు పంపేయండమ్మా," అన్నారాయన. పుస్తకం అడిగినవాణ్ణి ఎందుకని అడగకూడదని ఉద్యోగంలో చేరిన రోజే మాకు నేర్పారు. అడగలేదు. అంకె బాగా కనబడేలా నలుపు పెంచి, చేతులారా పంపాను.

బుధవారం మధ్యాహ్నం ఆ గ్రంథం రాసిన లెక్చరరమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, ఆ కవరు ఎవరు విప్పారు?"

మూడో చిరునామాలో ఉన్నామెను భర్త వచ్చి గుమ్మంలోనే పొడిచాడని, ఆసుపత్రిలో ఆమె ఇంకా కళ్లు తెరవలేదని ఏడుస్తూ చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఇంకో రెండు పేజీలు స్కాన్ చేశానట. పక్కవాళ్లు చెప్పారు. నాకు గుర్తు లేదు.

మంచికి పోతే చెడు ఎదురైందని మావాళ్లు ఓదారుస్తున్నారు. నాకు ఓదార్పు వద్దు, ఆమె బతకాలి. ఆ పేజీ వెంటనే తీసేయించాను. అయినా వెతికితే వేరే చోట్ల కనబడుతూనే ఉంది. ఎవరెవరు కాపీ చేసుకున్నారో మా కంప్యూటర్ల అతనికీ తెలియదు.

ఇంతవరకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇందులో అబద్ధం లేదు, ఎవరి బలవంతమూ లేదు. కానీ సార్, మీకు దొరికింది ఒక్క భర్తే. ఆ పేజీలో ఇంకా ఎనిమిది మంది ఆడవాళ్లున్నారు. ఇదిగో, పేజీ తెచ్చాను. ముందు వాళ్ల ఇళ్లకు మనుషుల్ని పంపండి. నా సంతకం తర్వాత తీసుకోండి.

(ఎనిమిది ఇళ్లకూ సిబ్బంది బయలుదేరిన తర్వాత సాక్షి సంతకం తీసుకోవడమైనది.)