వైఫై మెడలు వంచిన సాయమ్మ

గద్వాల పక్క పత్తి విత్తనం చేన్లలో పని గోటి పని. సాయంత్రం మొగ్గ విప్పి లోపల నిక్కిన మగభాగం గిల్లేయాలి. పొద్దున మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. ఆ అద్దడం మధ్యలో టీ వస్తుంది. టీతో పాటు సాయమ్మ కోతలు వస్తాయి.

ఆ రోజు ట్రాక్టరు ట్రాలీ నీడన కూలబడగానే, ఎవరూ అడగకముందే మొదలుపెట్టింది. మాట్లాడకపోతే మనసు ఇంటి మీదికే పోతోంది. బిడ్డ రోజాకు నర్సింగు సీటు కావాలంటే ఇవాళ సాయంత్రంలోగా కంప్యూటర్లో కాలేజీలు ఎంచి లాక్ చేయాలి. నిన్నటి నుంచి కంప్యూటరుకు నెట్టు లేదు.

"నేనే బాగు జేసొచ్చిన," అంది. "ఈ చేతులతోనే."

"ఏం జేసినవ్ వదినె?" ఎంకమ్మ గిలాస ఊదుకుంటూ అడిగింది.

"ఏముంది, పాస్‌వర్డ్ కొట్టిన. మేడ మీది తిరుపతయ్య సారు వైఫై అది, తాళమేసి ఉంటది. గాలిల పోయే మాటను ఎవ్వరికి సమజ్ గాకుండ కలగాపులగం జేస్తదంట, తాళపు మాట తెల్సిన కంప్యూటరు డబ్బనే ఇప్పుకుంటదంట. కొడితె కలువనన్నది. మళ్ల కొడితె మళ్ల గదే పాట. పాత పాస్‌వర్డ్ మతిల పెట్టుకొని మొండికేస్తదని రోజా చెప్పింది, సరె, మరిచిపొమ్మనే బటన్ ఉంటె అది ఒత్తిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైంది?"

"మొత్తం మరిచింది. నెట్టు పేరు మరిచింది, తారీకు మరిచింది, రోజా ఎవరంటె తెల్వదన్నది. పక్కన కూసొని నేనెవరో, మా ఇంటాయన డేవిడ్ ఎవరో, మేం కూలికి పుణె ఎందుకు పోయినమో, ఎందుకు వాపసొచ్చినమో అన్ని చెప్పి దాన్ని మళ్ల మనిషిని జేసిన."

"కంప్యూటర్నా?" అంది ఉమ. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, సీజను కదా అని పనికొచ్చిన పిల్ల.

"మరి నిన్నా? ఇను జర. మతి వచ్చినంక దాని చెవుల పాస్‌వర్డ్ చెప్పిన, మెల్లగ, గోడ గూడ ఇనకుండ. అప్పుడు కలిసింది సూడు. సిగ్నల్ గీతలు స్క్రీను చాలక గోడెక్కినయ్. గల్లీల అందరి నెట్టు మా ఇంట్లకే రావట్టె. కరెంటు పోయినా ఫ్యాను తిరుగుడే. బస్టాండ్ల కండక్టరు టికెట్టు కొడితె మా ప్రింటర్ల నుంచి ఊడిపడుతుంది."

"మీకు ప్రింటరు యాడిది?"

"లేదు. అయినా వస్తుంది, గంత సిగ్నలు. ఇంక మన్ననూరు అడవిల కెమెరా ముందట పులి ఆవలిస్తె దాని పండ్లు మా స్క్రీను మీద. నన్ను జూసి నోరు మూసుకున్నది పాపం. నేనే అన్న, భయపడకు బిడ్డా, నాకు సంతకం పెట్టుడు గూడ సగమే వస్తది."

ఆడవాళ్లు పొలమారేట్టు నవ్వారు. సాయమ్మా నవ్వింది. పొద్దున జరిగింది వేరు. ఎంత కొట్టినా నెట్టు కలవలేదు. రోజా మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. చూడలేక సాయమ్మ కూలికి వచ్చేసింది.

ఉమ మాత్రం నవ్వలేదు. "అత్తా, డబ్బ ఎనక నల్ల కొమ్ము అసుంటిది ఉండాలె. ఉన్నదా?"

"అదా? నిన్న దుమ్ము తుడుస్తుంటె నిక్కి కనబడ్డది. నిక్కిందాన్ని చూస్తె మన చెయ్యి ఊకుంటదా. తిప్పి గిల్లిన. ఊడ్చి పెంటల పోసిన."

"గాలిల వచ్చేదాన్ని పట్టేది అదే అత్తా. అది లేంది నువ్వు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు చెప్పినా దానికి ఇనబడదు."

"పులి పండ్లు కనబడ్డయ్ గానీ, పీకింది యాదికి రాలేదా వదినె," అంది ఎంకమ్మ.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ సాయమ్మ దగ్గరే ఉంది. రోజాను పిలవమనడానికి మేడ మీది తిరుపతయ్యకు చేసింది. ఉమ అందుకుని స్పీకరు నొక్కింది. ఎత్తింది రోజా.

"బిడ్డా, డబ్బ ఎనకది..."

"చూసిన్నమ్మా. నువ్వట్ల పోంగనే చూసిన. అది ఉండే కాడ నీ గోరు గీత ఉన్నది. సారు ఫోను అడుక్కొని, వైరుతోని కంప్యూటరుకు పెట్టి నెట్టు తీస్కున్న. కాలేజీలన్ని పెట్టి లాక్ చేసిన. లాక్ అయిందని స్క్రీను మీద గూడ వచ్చింది."

సాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నాకొక ఫోను జెయ్యొద్దా?"

"చేద్దామనుకున్న. టీ పొద్దాయె, నువ్వే బాగు జేసినవని చెప్తుంటవ్ గదా. నడుమల చెడగొట్టుడెందుకని ఊకున్న. అయిపోయిందా, ఇంక ఉన్నదా?"

చేనంతా గొల్లున నవ్వింది. సాయమ్మ ఫోను పెట్టేసి, కళ్లు తుడుచుకుని, అందరి మొహాలూ చూసింది.

"ఇన్నరా? నేను గిల్లకపోతె దానికి గీ ఉపాయం యాడ దొరుకుతుండె?"

ఎంకమ్మ గిలాస బోర్లించి లేచింది.

"మాపటికి గిల్లుదువు గానీ, ఇప్పుడైతె అద్దుదాం రా వదినె. పువ్వులు వాడుతున్నయ్."