నాకేం కాలేదు

బస్సు బోల్తా పడి ఆసుపత్రికి వచ్చినవాళ్లలో డ్రైవరు ఒక్కడే చనిపోయాడు. ఆపరేషన్ థియేటర్ బయట బల్ల మీద అతని భార్య పక్కన డాక్టరమ్మ కూర్చుంది.

"పైకి దెబ్బేమీ కనబడలేదమ్మా. లోపల్లోపలే రక్తం పోయింది."

"మీతో ఏమన్నా చెప్పారా?"

"'నాకేం కాలేదు, ముందు నా ప్యాసింజర్లను చూడండి' అన్నారు. మేం అరుస్తున్నవాళ్ల దగ్గరికి పరుగెత్తాం."

"ఆయనంతే. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా నిక్షేపంలా ఉన్నానంటారు. ముందే చూసుంటే బతికేవారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. డాక్టరమ్మ దాన్ని మింగేసింది.

"బతికేవారమ్మా. ఆయన మాట నమ్మి, కనీసం నాడి పట్టుకుని చూడలేదు. తప్పు మాదే."

డ్రైవరు భార్య దోసిట్లో ముఖం దాచుకుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఉన్నట్టుండి తలెత్తి గుమ్మం వైపు చూసింది.

"అదిగో, ఆ బస్సు కండక్టరు. ఇందాకటిదాకా నన్ను ఓదార్చి, మంచినీళ్లు తెచ్చిచ్చి, అక్కడ గోడకు చేరగిలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నీకేమైందయ్యా అంటే, 'నాకేం కాలేదొదినా' అన్నాడు. నా దగ్గర తర్వాత కూర్చుందురుగాని, ముందు లేవండి డాక్టరమ్మా!"